1974 మార్చిలో మన స్టేషన్

(కడపలో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో, పోలీసు శాఖలో స్టేషన్ రైటర్‌గా పనిచేసి రిటైరైన ఒకరి ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను రైటర్ అని పరిచయం చేశారు. నిజమే. కాకపోతే నేను రాసినవి ఎఫ్ఐఆర్లు, జనరల్ డైరీ, మధ్యవర్తుల నామాలు (అంటే ఇద్దరు సాక్షుల ముందు రాసుకునే పంచనామాలు), శవ పంచనామాలు. వాటిలో కూడా కల్పన ఉంటుందని లాయర్లు అంటుంటారు. వాళ్ల మాట పక్కన పెడదాం. (నవ్వులు)

రిటైరయ్యాక చేతినిండా టైము, ఇంట్లో వైఫై. పోలీసు సీరియల్ ఏ భాషలో వచ్చినా కింద అక్షరాలు చదువుకుంటూ చూసేస్తాను. చాలావాటిలో స్టేషన్ ఉంటుంది, లాకప్ ఉంటుంది, ఎస్సై గారి బూట్లు కూడా ఉంటాయి, కాగితం మాత్రం ఉండదు. ఎవరూ ఏమీ రాయరు. మా బతుకంతా రాతలోనే గడిచింది కాబట్టి నాకు అది కొడుతుంది. పోలీసు ఒకడు కాలంలో వెనక్కి పోయే సీరియళ్లు ఒక రకం ఉన్నాయి. అవి వేరే దేశంలో పుట్టి దేశాలు తిరిగాయి. అలాంటిది మన కర్నూలుకో కడపకో వస్తే దాంట్లో ఏం మార్చాలి? దీని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

మొదట పుట్టింది బ్రిటన్‌లో. పేరు ‘లైఫ్ ఆన్ మార్స్’. బీబీసీలో 2006 జనవరిలో మొదలై 2007 ఏప్రిల్‌లో ముగిసింది. రెండు సీజన్లు, 16 ఎపిసోడ్లు. మాథ్యూ గ్రాహం, టోనీ జోర్డన్, ఆష్లీ ఫారో అనే ముగ్గురు రచయితలకు 1998లోనే ఈ ఆలోచన వచ్చింది. అప్పట్లో పెట్టుకున్న పేరు ‘ఫోర్డ్ గ్రనాడా’, అంటే ఒక కారు పేరు. టీవీ వాళ్లు దీన్ని చాలా ఏళ్లు పక్కన పెట్టారు. కథ ఇది. శామ్ టైలర్ అని మాంచెస్టర్‌లో ఒక పోలీసు అధికారి. 2006లో అతన్ని కారు గుద్దుతుంది. కళ్లు తెరిచేసరికి 1973. చొక్కా కాలరు ఇంతింత వెడల్పు. హోదా ఒక మెట్టు దిగిపోయింది. పక్క డివిజన్ నుంచి బదిలీ మీద వచ్చినట్టు కాగితాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. నేను ఆ సీరియల్‌కు దాసోహం అయింది అక్కడే. కాలం దాటి వచ్చినవాడికి కూడా ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఉండాల్సిందే! (నవ్వులు)

పైన జీన్ హంట్ అని ఒక బాస్. తాగుతాడు, కొడతాడు, ఎవణ్ని చూసి అనుమానం వస్తే వాణ్ని లోపలేస్తాడు. వేలిముద్రలు, నేరస్థలం చుట్టూ తాడు, నిందితుడికి లాయరు అని శామ్ మొత్తుకుంటుంటే, వీడికి తల తిరిగిందా అన్నట్టు చూస్తాడు. శామ్‌కు పిచ్చెక్కిందా, కోమాలో ఉన్నాడా, నిజంగానే వెనక్కి పోయాడా అన్నది చివరిదాకా తేలదు. మధ్యమధ్యలో టీవీలోంచి, రేడియోలోంచి ఆసుపత్రి డాక్టర్ల మాటలు వినిపిస్తుంటాయి. ప్రసారాలు లేనప్పుడు బీబీసీ వాళ్లు చూపించే టెస్ట్ కార్డ్ బొమ్మలో ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆ పిల్ల తెరలోంచి బయటికొచ్చి ఇతనితో మాట్లాడుతుంది. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మన జనానికి ఇది అర్థం కాదని ఎవరైనా అంటే నమ్మకండి. కకుద్మి మహారాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం పోతాడు. అక్కడ సంగీతం అయ్యేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. అది భాగవతంలో విన్నవాళ్లం. 1991లో ‘ఆదిత్య 369’కి చప్పట్లు కొట్టినవాళ్లం. కాలయంత్రం మనకు కొత్త కాదు. అయితే మన కథల్లో వెనక్కి పోయినవాడికి రాజులు, ఏనుగులు, వజ్రాలు కనిపిస్తాయి. శామ్‌కు కనిపించింది తన ఆఫీసే. అదే డిపార్టుమెంటు, అదే ఊరు, ముప్పై మూడేళ్లు తేడా. కథకు బలం అక్కడుంది. మరీ వెనక్కి పోతే మనం చూసేది చరిత్ర. ముప్పై నలభై ఏళ్లు వెనక్కి పోతే మన నాయన చేసిన ఉద్యోగం.

రష్యా వాళ్లు ఈ మాటను ఉన్నదున్నట్టే పట్టుకున్నారు. 2012లో వచ్చిన వాళ్ల సీరియల్‌లో హీరో 1979లోకి పోతాడు, అదీ తన తండ్రి ఒంట్లోకే పోతాడు. అద్దంలో చూసుకుంటే తండ్రి ముఖం. దేశాలు దాటిన ఈ సీరియళ్లలో నాకు బాగా నచ్చిన మార్పు అదే.

మిగతా దేశాలు ఏ సంవత్సరం ఎంచుకున్నాయో చూడండి. స్పెయిన్ వాళ్లు 2009లో తీశారు, 1977 పెట్టుకున్నారు. ఫ్రాంకో చచ్చింది 1975లో. రెండేళ్ల తర్వాత, ఎన్నికల ఏడాదిలో, నియంత కింద పనిచేసిన పోలీసులే ప్రజాస్వామ్యంలో ఎలా పనిచేయాలో తెలియక తికమకపడే కాలం. చెక్ వాళ్లు 2017లో తీసి 1982 పెట్టుకున్నారు, కమ్యూనిస్టు పాలన నడుస్తున్న రోజులు. కొరియా వాళ్లు 2018లో తీసి 1988 పెట్టుకున్నారు, సియోల్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది. దానికి ముందటేడే సైనిక ప్రభుత్వం మీద జనం వీధుల్లోకి వచ్చారు, రాజ్యాంగం మారింది. వీళ్లెవరూ పాత పాటలు, పాత కార్లు బాగుంటాయని ఆ ఏళ్లు ఎంచుకోలేదు. పోలీసు చేతిలో అధికారానికి హద్దు ఎక్కడ మారిందో, ఆ హద్దుకు కాస్త ఇవతలో అవతలో కథను దింపారు. బ్రిటన్‌కైతే అది 1984. అరెస్టుకు, విచారణకు రూల్సు పెడుతూ పెద్ద చట్టం తెచ్చింది ఆ ఏడాదే. అంతకు పదకొండేళ్ల ముందు జీన్ హంట్ ఆడిందే ఆట.

అమెరికా వాళ్లది వేరే గోల. మొదట లాస్ ఏంజిలిస్‌లో పెట్టి పైలట్ తీశారు, పారేశారు. మళ్లీ న్యూయార్క్‌లో పెట్టి, జీన్ హంట్‌గా హార్వీ కైటెల్ అంతటి నటుణ్ని తెచ్చి, 2008 అక్టోబరు నుంచి 17 ఎపిసోడ్లు నడిపారు. చివర్లో ఏం చెప్పారంటే, అందరూ 2035లో అంగారక గ్రహానికి పోతున్న వ్యోమగాములు, దారిలో నిద్రపుచ్చితే వచ్చిన కల ఇదంతా! పేరులో మార్స్ ఉంది కదా అని నిజంగా మార్స్‌కే తీసుకుపోయారు. నేను సెల్లు కింద పెట్టేసి మంచినీళ్లు తాగాను. (నవ్వులు)

రెండో వంశం ఇంకోటుంది, కొరియాలో పుట్టింది. పేరు ‘సిగ్నల్’, 2016లో వచ్చింది. దీంట్లో మనిషి కదలడు, మాట కదులుతుంది. బ్యాటరీ లేని పాత వాకీటాకీ ఒకటి రాత్రి 11 గంటల 23 నిమిషాలకు దానంతటదే పలుకుతుంది. ఇవతల 2015లో ఒక కుర్ర అధికారి, అవతల పాతకాలంలో ఒక డిటెక్టివ్. ఇద్దరూ కలిసి తేలని కేసులు తేలుస్తారు. అక్కడ గతంలో ఒకటి మారిస్తే ఇక్కడ బతికున్నవాళ్లు చచ్చిపోతారు, చచ్చినవాళ్లు బతుకుతారు. 2018లో జపాన్ వాళ్లు తీసుకున్నారు. 2024 ఆగస్టులో హిందీలో ‘గ్యారహ్ గ్యారహ్’ పేరుతో జీ5లో వచ్చింది, ఉత్తరాఖండ్‌లో పెట్టారు, వాకీటాకీ 11 గంటల 11 నిమిషాలకు పలుకుతుంది. ఎనిమిది ఎపిసోడ్లు. చూడదగ్గదే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని రైటర్‌గా నేను వదలను. ‘సిగ్నల్’ కథంతా గడియారం మీద నడుస్తుంది. కొరియాలో హత్యకు కూడా కాలపరిమితి ఉండేది. మొదట 15 ఏళ్లు, 2007లో 25 చేశారు, 2015 జులైలో మొత్తం ఎత్తేశారు. ఆ గడువు దాటితే హంతకుడు ఎదురుగా నిలబడి నవ్వినా ఏమీ చేయలేరు. మొదటి ఎపిసోడ్లలో ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. మన దగ్గర? మూడేళ్లకు మించి శిక్ష పడే నేరానికి కాలపరిమితి లేదు. హత్య కేసు నలభై ఏళ్ల తర్వాతైనా తెరవొచ్చు. కాబట్టి కొరియా గడియారాన్ని తెచ్చి మన గోడకు తగిలిస్తే ముల్లు తిరగదు.

మరి మన కేసు ఎలా చస్తుంది? సాక్షి చేతిలో చస్తుంది. సాక్షి ముసలివాడై పోతాడు. లేదంటే వియ్యంకుల ఊరివాళ్లే ముద్దాయిలని తెలిసి ఎదురు తిరుగుతాడు. రాయచోటి, రాజంపేట వైపు అయితే కువైట్ పోతాడు, సమన్లు గోడకు అంటించి రావాలి. నెత్తుటి చొక్కా స్టేషన్‌లోనో కోర్టులోనో మూటలో ఉంటుంది, మూట మీది చీటీ చెద తింటుంది. చీటీ పోతే ఆ చొక్కా ఏ కేసుదో చెప్పేవాడు ఎవడు? మన భాషలో ‘సిగ్నల్’ తీసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చట్టంలో గడువు వెతకొద్దు. సాక్షి ఎన్నాళ్లు బతుకుతాడో, ఎన్నాళ్లు మాట మీద నిలబడతాడో లెక్క కట్టండి. కావలసినంత టెన్షన్ అక్కడే దొరుకుతుంది.

‘సిగ్నల్’కు నిజజీవితంలో ఒక తరువాయి ఉంది, సీరియల్ కంటే అది ఘోరం. ఆ కథలో ఒక భాగానికి మూలం హ్వాసాంగ్ అనే చోట 1986 నుంచి 1991 మధ్య జరిగిన పది హత్యలు. సీరియల్ వచ్చేనాటికి హంతకుడు ఎవరో తెలియదు. 2019లో డీఎన్ఏ పరీక్షలో తేలింది. వాడు ఇంకో హత్యకు శిక్ష పడి 1990ల నుంచి జైల్లోనే ఉన్నాడు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. ఆ పదింట్లో ఎనిమిదో హత్య తానే చేశానని అప్పట్లో ఒక అమాయకుడు ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2020లో కోర్టు అతను నిర్దోషి అంది. ఎందుకు ఒప్పుకున్నాడంటే, పోలీసులు నిద్రపోనివ్వలేదు, కొట్టారు. వాకీటాకీ నిజంగా నా చేతికొస్తే నేను మొదట మాట్లాడేది ఆ స్టేషన్‌తోనే. మన సీరియళ్లు చచ్చినవాళ్లను బతికించే పనిలో ఉంటాయి. అన్యాయంగా లోపల ఉన్నవాడి సంగతి పెద్దగా పట్టించుకోవు.

సరే, ఇప్పుడు మన ఊరికొద్దాం. మాంచెస్టర్ కథను మన సీమకు తేవాలంటే ఏ సంవత్సరం?

ఈ మాట అనగానే సినిమావాళ్ల చేతులు ఎటు పోతాయో నాకు తెలుసు. సుమోలు, నాటుబాంబులు, తెల్లచొక్కాలు, కొండారెడ్డి బురుజు దగ్గర తొడగొట్టడం. ఆ బాధలు అబద్ధమని నేను అనను, ఆ పంచనామాలు నేనూ రాశాను. కానీ ఫ్యాక్షన్ కేసులో పోలీసు మధ్యలో చిక్కుకున్న మనిషి. ఎవరు చంపారో ఊరంతటికీ తెలుసు. కాలంలో వెనక్కి వచ్చిన డిటెక్టివ్‌కు అక్కడ కనిపెట్టేది ఏముంది? అది వేరే కథ, వేరేవాళ్లు రాసుకోనీ.

కొందరు మిత్రులు ఎమర్జెన్సీ పెట్టమంటారు, 1976. మంచి ఆలోచనే, స్పెయిన్ దారి అది. నేను అనేది మాత్రం 1974 మార్చి.

ఎందుకో చెప్తాను. మనకు అరెస్టు, విచారణ, బెయిలు ఎలా నడవాలో చెప్పే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అని 1898లో బ్రిటిషువాళ్లు ఇచ్చిన చట్టం ఉండేది. దాని స్థానంలో 1973 నాటి కొత్త కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మేమంతా సీఆర్‌పీసీ అని పిలిచి, పిలిచి, నోరు అరగదీసుకున్నది అదే. యాభై ఏళ్లు నడిచింది. 2024 జులై 1న అదీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది, ఏ నేరానికి ఏ శిక్షో చెప్పే ఐపీసీ పోయి బీఎన్ఎస్ వచ్చింది. అంటే ఒకే స్టేషన్‌లో రెండుసార్లు, యాభై ఏళ్ల తేడాతో, రాత్రికి రాత్రి చట్టం మారింది. మన హీరోను ఈ రెండింటి మధ్య వేయాలి. అనంతపురం పోలీసు ట్రైనింగ్ కాలేజీలో ట్రైనింగ్ అయిన కుర్ర ఎస్సై. కొత్త సెక్షన్లు తప్ప పాతవి వంటబట్టనివాడు. వాడు 1974 మార్చిలో కడప జిల్లాలో ఏదో ఒక స్టేషన్‌లో కళ్లు తెరుస్తాడు.

మొదటి రోజే ఒక హత్య అనుకోండి. కుర్రవాడు ఎఫ్ఐఆర్ చెప్తున్నాడు, రైటర్ రాస్తున్నాడు. “సెక్షన్ 103” అంటాడు కుర్రవాడు. కొత్త చట్టంలో హత్యకు అదే నంబరు. రైటర్ పెన్ను ఆపి పైకి చూస్తాడు. “ఏం సార్, ఆస్తి కాపాడుకోవడానికి చంపినాడంటారా? ఇంకా ఎంక్వయిరీయే చేయలేదు గదా?” ఎందుకంటే ఐపీసీలో 103 అంటే ఆస్తి రక్షణ కోసం ప్రాణం తీసే హక్కు ఎప్పుడు ఉంటుందో చెప్పే సెక్షన్. కుర్రవాడు నాలుక కరుచుకుని 302 అంటాడు. మన జనానికి అది సినిమాల వల్ల ఎలాగూ వస్తుంది. కాసేపటికి ఇంకో తలనొప్పి. వాడికి 173 అంటే ఎఫ్ఐఆర్. అక్కడివాళ్లకు 173 అంటే చార్జిషీటు. “173 కట్టారా?” అని వాడు అడిగితే, “నిన్న గదా సార్ శవం దొరికింది, అప్పుడే చార్జిషీటా” అంటారు. ఇది నవ్వుకోవడానికే కాదు. 2024 జులైలో మన స్టేషన్లన్నింటిలో ఇదే జరిగింది, అటునుంచి ఇటు. పాతవాళ్ల నోట 154, 161, 302 ఆగకుండా వస్తాయి, కంప్యూటరేమో ఒప్పుకోదు.

నంబర్ల కింద అసలు తేడా ఇంకోటి ఉంది. 1974 ఏప్రిల్‌కు ముందు ముందస్తు బెయిల్ అనే సెక్షనే లేదు. నిందితుణ్ని విచారణ పేరుతో రిమాండులో పెట్టాలంటే పదిహేను రోజుల గడువు కాగితం మీద ఉండేది గానీ, ఇంకో సెక్షన్ కింద కోర్టు వాయిదాలు పెంచుకుంటూ పోతే మనిషి లోపలే మగ్గేవాడు. కొత్త కోడ్ వచ్చాక అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ ఇవ్వాలన్నారు. పెద్ద కేసులకు దాన్ని తర్వాత తొంభై చేశారు. మన కుర్రవాడికి ఈ తొంభై రోజులు రక్తంలో ఉంటాయి. వాడు గోడ మీద క్యాలెండర్ చూసి “సార్, చార్జిషీటు గడువు” అంటాడు. అక్కడి సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు ఏ గడువో అర్థం కాదు.

అరెస్టు సంగతి చూడండి. మన కుర్రవాడు ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసైతే చేయి వేయడు, నోటీసు ఇస్తాడు. పాత కోడ్‌లో 41ఎ నోటీసు అని మీరంతా పేపర్లో చదివే ఉంటారు, 2014లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన తర్వాత ఊరూరా వినిపించిన మాట. అరెస్టు చేస్తే మెమో రాయాలి, సాక్షి సంతకం కావాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఇది 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రూలు. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో చెప్పింది. ఇవన్నీ వాడికి ఊపిరి పీల్చినంత మామూలు. 1974లో ఒక్కటీ లేదు. మొదటి రోజు వాడు గది మూలల్లో పైకి చూస్తూ కెమెరా కోసం వెతుకుతాడు. పాత హెడ్ కానిస్టేబుల్, “ఏం నాయనా, బల్లి శాస్త్రమా?” అంటాడు. (నవ్వులు)

ఇక ఇంగ్లీషు సీరియల్‌ను ఎత్తి రాసేవాళ్లు తప్పకుండా పొరపాటుపడే చోటు చెప్తాను. అక్కడ జీన్ హంట్ నిందితుణ్ని కొట్టి ఒప్పిస్తే కేసు అయిపోయినట్టే. మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. సాక్ష్య చట్టం 25వ సెక్షన్, 1872 నుంచీ ఉంది, 2024లో వచ్చిన కొత్త చట్టంలో కూడా నంబరు మారి అలాగే ఉంది. మరి మనవాళ్లు ఎందుకు కొట్టేవాళ్లు? 27 కోసం. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ మాటలో అంతవరకు చెల్లుతుంది. అంటే కత్తి ఎక్కడ పెట్టాడో చెప్పాలి, కత్తి దొరకాలి. మా భాషలో రికవరీ. అందుకే మన దగ్గర అసలు నాటకం లాకప్‌లో జరగదు, మధ్యవర్తుల నామా రాసే చోట జరుగుతుంది.

ఆ సీను ఎలా ఉంటుందో చూడండి. ఊరి బయట వంక. చిల్లచెట్లు. ఎండ మండిపోతుంటుంది. ఇద్దరు మధ్యవర్తులు, ఒకరు గ్రామ మునసబు, ఇంకొకరు ఆయన మాట దాటని రైతు. అప్పటికి మునసబు, కరణం ఉద్యోగాలు ఉన్నాయి, 1984లో గదా తీసేసింది. రైటర్ కింద కూర్చుని మోకాలి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. “నేను సదరు కత్తిని ఫలానా చిల్లచెట్టు మొదట్లో దాచిపెట్టినాను. నా వెంట వస్తే చూపిస్తాను.” ముద్దాయి ఆ మాట ఇంకా అనలేదు. దాహం అని మాత్రమే అన్నాడు. సర్కిల్ గారు కత్తి ఎక్కడుందో తనకు ముందే తెలిసినట్టు నడుస్తున్నాడు, ముద్దాయి వెనకాల. కుర్ర ఎస్సై అది గమనిస్తాడు. చూపించేవాడు ముందు నడవాలి గదా, వెనకాల వస్తాడేంది? “సార్, ఆయన ముందు నడవాల” అంటాడు. మునసబు నవ్వుతాడు. “అబ్బయ్యా, కాగితంలో ముందే నడిచినాడులే. రాసేసినాం.”

నాకు మన సీరియల్ అంటే ఆ సీను. ఫైటు అక్కర్లేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది ఆ కుర్రవాడి ముందున్న ప్రశ్న. పెట్టకపోతే నిజమైన హంతకుడే తప్పించుకోవచ్చు, ఎందుకంటే కత్తి నిజంగానే ఆ మనిషిదై ఉండొచ్చు. మాంచెస్టర్ శామ్‌కు ఇంత ఇరకాటం లేదు.

ఆ రోజుల్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తట్టేవాళ్లో కూడా చూపించాలి. కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన నేరజాతుల చట్టం 1871లో పుట్టింది, 1911 తర్వాత మన మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది, 1952లో దేశమంతటా రద్దయింది. కర్నూలు జిల్లా సిద్ధాపురం లాంటి సెటిల్మెంట్లలో మనుషుల్ని పెట్టి హాజరు పిలిచిన చట్టం అది. చట్టం పోయిన ఇరవై రెండేళ్లకు, 1974లో కూడా పాత నేరస్థుల వివరాలు రాసిపెట్టే కేడీ షీట్ల పుస్తకం తెరిస్తే అవే పేటల పేర్లు, అవే ఇంటిపేర్లు. జీన్ హంట్ మన దగ్గర ఉంటే చెడ్డవాడిలా ఉండడు. భార్యాపిల్లలున్న పెద్దమనిషి, గుడికి పోతాడు, పేదవాడికి రూపాయి ఇస్తాడు. గొలుసు పోయిందని కంప్లైంటు రాగానే మాత్రం అటుకేసి జీపు పంపిస్తాడు, ఆలోచించకుండా. అదీ మీ తెరమీద పెట్టాల్సిన జీన్ హంట్.

వాతావరణం గురించి పెద్దగా చెప్పను, మీలో చాలామందికి నాకంటే బాగా గుర్తుంటుంది. 1973లో జనవరి నుంచి డిసెంబరు దాకా మన రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన, జై ఆంధ్ర ఉద్యమం. అందుకే 1974 మార్చికి పోలీసులు బందోబస్తులతో అలిసిపోయి ఉంటారు. కానిస్టేబుళ్లకు నిక్కర్లు. ఫోను కావాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టిందే 1984లో, ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్. తర్వాత మన హైదరాబాద్ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ ఆ విద్యను ఇక్కడికి తెచ్చారు. కాబట్టి కుర్రవాడు రక్తం మరకను పొట్లం కట్టి దాచమంటే, దేనికి అని ఎవరైనా అడుగుతారు.

టీవీలోంచి వచ్చే పిల్ల మాత్రం కుదరదు. 1974లో కడపలో టీవీ ఎక్కడిది? హైదరాబాదుకే దూరదర్శన్ వచ్చింది 1977లో. మనకున్నది ఆకాశవాణి కడప కేంద్రం, 1963 నుంచి. స్టేషన్ ఎదురుగా టీ కొట్లో రేడియో ఉంటుంది. రైతుల కార్యక్రమంలో వేరుశనగకు తెగులు మందు చెప్తూ చెప్తూ, ఆ గొంతే “పేషెంటుకు బీపీ పడిపోతోంది, సిస్టర్” అంటుంది. కొట్టువాడు ఏమీ పట్టనట్టు టీ తిరగబోస్తుంటాడు. చెప్తుంటేనే నాకు బాగుంది. (చప్పట్లు)

టైమ్ అయిందంటున్నారు. ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(సభలోంచి ఒక అమ్మాయి: ఆడ పోలీసు పాత్ర ఉంటుందా సార్?)

మంచి ప్రశ్న తల్లీ. ఇంగ్లీషులో ఆనీ అనే మహిళా కానిస్టేబుల్ ఉంది, శామ్‌ను నమ్మేది ఆమే. దేశంలో మొదటి మహిళా పోలీసు స్టేషన్ కోళికోడులో వచ్చిందే 1973 అక్టోబరులో. 1974లో సీమలో ఒక తాలూకా స్టేషన్‌లో ఆడ కానిస్టేబుల్‌ను పెడితే తెలిసినవాళ్లు నవ్వుతారు. ఆ పాత్రను గవర్నమెంటాసుపత్రి లేడీ డాక్టరుకు ఇవ్వండి. పోస్టుమార్టం రిపోర్టు రాసేది ఆమె. సర్కిల్ అడిగినట్టు రాయనని చెప్పగలిగేది కూడా ఆమే. ఆమె సంతకం లేకపోతే కేసు ముందుకు పోదు. కానిస్టేబుల్ కంటే బలమైన పాత్ర అవుతుంది.

(ఒక పెద్దాయన: హీరో చివరికి వెనక్కి వస్తాడా, అక్కడే ఉంటాడా?)

బ్రిటన్‌లో శామ్ 2006కి తిరిగొస్తాడు సార్. మీటింగులో కూర్చుంటే ఏమీ అనిపించదు, చేతికి గాయమైనా నొప్పి తెలియదు. మేడ మీదికెక్కి దూకేసి మళ్లీ 1973కే పోతాడు. దాని తర్వాత సీరియల్ ఒకటి వచ్చింది. ఆ లోకం చనిపోయిన పోలీసుల కోసం ఉన్న చోటని, మన త్రిశంకు స్వర్గం లాంటిదని అందులో తేల్చారు. మనవాణ్ని నేనైతే ఏప్రిల్ 1 దాటేదాకా అక్కడ ఉంచుతాను. కొత్త కోడ్ పుస్తకం ఇంకా స్టేషన్‌కు చేరి ఉండదు. అందులో ఏముందో కాస్తయినా తెలిసినవాడు ఆ స్టేషన్లో వాడొక్కడే, అదీ తన కాలానికి పాతబడిపోయిన చట్టంగా. సర్కిల్ మొదటిసారి వాణ్ని కూర్చోబెట్టి, “ఇప్పుడు చెప్పప్పా, రిమాండు ఎట్ల రాయాల?” అని అడుగుతాడు. తర్వాత వస్తాడా ఉంటాడా అన్నది రాసేవాళ్ల ఇష్టం. మనవాడు ఉండిపోతే 2024లో వాడి తల్లికి ఏం చెప్తారో అదీ రాయాలి. ఇంగ్లీషువాళ్లు దాన్ని తేలిగ్గా దాటేశారు.

(ఒక కుర్రవాడు: నేను ఇలాంటి వెబ్ సిరీస్ రాస్తున్నాను సార్. ఎక్కడ మొదలుపెట్టమంటారు?)

జిల్లా కోర్టుకు పో నాయనా. పాత సెషన్స్ తీర్పులకు కాపీ అర్జీ పెట్టుకో, ఫీజు పెద్దగా ఉండదు. దొరికినవాటిలో ముద్దాయి కథ ముందు చదవొద్దు. మధ్యవర్తుల సాక్ష్యం దగ్గర తెరువు. లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడిగాడో చూడు. “మీరు స్టేషన్‌లో కూర్చునే సంతకం పెట్టారని అంటే ఏమంటారు?” అనే ప్రశ్న, “నిజం కాదు” అనే జవాబు కనిపిస్తాయి. ఆ రెండు లైన్ల మధ్యలో నీకు మొదటి ఎపిసోడ్ ఉంటుంది. ఇంకా సందేహం ఉంటే నా నంబరు అధ్యక్షులవారి దగ్గర తీసుకో. మధ్యాహ్నం పూట చేయొద్దు, పడుకుంటాను.